సెప్టెంబర్ 17 పక్కన ఏ మాట రాయాలి?

మూసీ ఒడ్డు (సూర్యాపేట జిల్లా):
మా ఊరి లైబ్రరీ బయట నల్లబోర్డు మీద పక్షానికోసారి రాబోయే జయంతులు, వర్ధంతులు రాస్తాం. 9న కాళోజీ జయంతి, 10న చాకలి ఐలమ్మ వర్ధంతి, 11న నిజాం మీద సాయుధ పోరాటానికి పిలుపిచ్చిన రోజు (1947). ఇంతవరకు గొడవ లేదు. 17 దగ్గరికొచ్చేసరికి పెద్ద పంచాయితీ అయింది. 1948లో భారత సైన్యం ముందు నిజాం తలొగ్గిన రోజది. 2022లో కేంద్రం ఆ రోజును హైదరాబాద్ విమోచన దినమంది, రాష్ట్రం జాతీయ సమైక్యతా దినమంది. 2024లో రాష్ట్రం ప్రజాపాలన దినోత్సవంగా జరిపింది. నేను విమోచనమే రాయాలంటాను. వెట్టి చేసినోళ్ల మనుమణ్ని నేను. రజాకార్లు, అంటే నిజాం పక్షాన ఆయుధాలు పట్టిన దళం, వస్తున్నారంటే మా నాయనమ్మ పిల్లలను తీసుకొని జొన్నచేలల్లో దాక్కునేదట. ఆ భయం పోయిన రోజును ఇంకేమనాలి?

పాలమూరు టీచర్:
అన్నా, మీ నాయనమ్మ మాట కాదనను. కానీ క్లాసులో పిల్లలు నన్ను అడుగుతారు: విమోచనమైతే అదే నిజాం 1950 నుంచి 1956 దాకా రాజప్రముఖ్‌గా (గవర్నర్ లాంటి పదవిలో) ఎట్లా ఉన్నాడు సార్, అని. విలీనం అన్నా లెక్క కుదరదు. భారత రాజ్యాంగాన్ని ఒప్పుకుంటూ ఆయన ఫర్మానా (రాజాజ్ఞ) ఇచ్చింది 1949 నవంబరులో. 1948 సెప్టెంబర్ 17న జరిగింది నిజాం రేడియోలో కాల్పుల విరమణ ప్రకటించడం. ఆయన సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్ లొంగిపోయింది మర్నాడు.

దేవరకొండ:
మాది ముస్లిం కుటుంబం. రజాకార్లతో మాకు ఏ సంబంధమూ లేదు. అయినా పోలీస్ యాక్షన్ (1948 సెప్టెంబర్‌లో హైదరాబాద్ మీదికి భారత సైన్యం రావడం) మాటెత్తితే మా నానమ్మ లేచి లోపలికి పోయేది. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీయే ఆ రోజుల్లో తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని అంచనా వేసింది. ఆ రిపోర్టు ఎన్నో ఏళ్లు బయటికి రానివ్వలేదు. బోర్డు మీద పండుగ మాట రాస్తే, మా వీధి పిల్లలు దాని ముందు నుంచే బడికి పోవాలి.

భువనగిరి:
పోరాటం 17తో ఆగలేదు కదా. యూనియన్ సైన్యం వచ్చాక కూడా మన నల్గొండలో కమ్యూనిస్టుల వేట సాగింది. పోరాటం విరమించింది 1951 అక్టోబర్ 21న. మరుసటి ఏడాది రావి నారాయణరెడ్డి నల్గొండ నుంచి నెహ్రూ కంటే ఎక్కువ మెజారిటీతో గెలిచారు. ఆయనది మా బొల్లేపల్లి, పుట్టింది 1908 జూన్ 4న. ఆ జయంతి మీ బోర్డు మీద ఎన్నడైనా రాశారా?

మూసీ ఒడ్డు:
రాయలేదు. వచ్చే జూన్‌లో రాస్తాం. దేవరకొండ తమ్ముడూ, నీ మాట నాకు రాత్రి నిద్ర పట్టనివ్వలేదు. మా ఇంట్లో అది విమోచనమే, ఆ మాట మార్చుకోను. కానీ బోర్డు మా ఇంటిది కాదు, ఊరిది. పొద్దున పోయి ఇట్లా రాసి వచ్చాను: "17 - నిజాం కాల్పుల విరమణ ప్రకటించిన రోజు, 1948." కింద రెండు గీతల జాగా వదిలిపెట్టాను. ఎవరింట్లో విన్నది వాళ్లు రాయొచ్చని చాక్‌పీస్ కూడా అక్కడే పెట్టాను.