బరువు తగ్గే ఇంజెక్షన్‌కి ఇన్సూరెన్స్ మళ్ళీ "నో" అంది, ఇక్కడ అమెరికాలో ఎవరికైనా వచ్చిందా?

కాకినాడ_టు_కేటీ
అందరికీ నమస్కారం. ఓపిక నశించి రాస్తున్నా. మా డాక్టరమ్మ బరువుకి వారానికోసారి వేసుకునే ఇంజెక్షన్ రాసింది. ఫార్మసీకి వెళ్తే ఇన్సూరెన్స్ ఒప్పుకోలేదు, డాక్టర్ ఆఫీసుని అడుగు అన్నారు. అక్కడడిగితే పీఏ (ముందస్తు అనుమతి ఫారం) పంపేశాం, ఇన్సూరెన్స్‌ని అడుగు అన్నారు. ఇన్సూరెన్స్ వాళ్ళకి చేస్తే ఒకాయన ఇంకా రివ్యూలో ఉందంటాడు, ఇంకొకాయన డినై అయిపోయిందంటాడు, ఆ తర్వాత ఎత్తినావిడ అసలు మాకేమీ రాలేదంది. ఉన్న ఒక్క సెలవూ హోల్డ్ మ్యూజిక్ పాలైంది. జీతంలోంచి ప్రీమియం మాత్రం ఠంచనుగా కోసేస్తారు. ఇక్కడ ఎవరికైనా కవర్ అయిందా? అయితే ఏం చేశారు? దయచేసి "నడవండి" అని మాత్రం చెప్పకండి.

పప్పుచారు_ప్లేనో
ఏ మందు? ఏ ప్లాన్? లెటర్‌లో కారణం ఏం రాశారు?

విశ్రాంత_లెక్కల_మాస్టారు
నడవమని చెప్పను లెండి, వద్దన్నారు కదా. కానీ ఒక్క మాట. మా అబ్బాయి దగ్గరికి వచ్చినప్పుడల్లా చూస్తున్నాను, ఇక్కడ మన పిల్లలు పొద్దున్న ఏమీ తినరు, మధ్యాహ్నం మీటింగులో ఏదో నమిలేస్తారు, రాత్రి తొమ్మిదిన్నరకి కుక్కర్ దించి ఆవకాయ, నెయ్యి వేసుకుని రెండు రోజుల అన్నం ఒక్క పూటలో లాగిస్తారు. ఆ తర్వాత సూది కావాలంటారు. ఆ మందు మానేస్తే తగ్గిన బరువు మళ్ళీ వస్తుందట కూడా. జొన్న సంకటి, ఏడింటికల్లా భోజనం. ఖర్చు సున్న, ఇన్సూరెన్సూ అక్కర్లేదు.

కాకినాడ_టు_కేటీ
మాస్టారూ, నమస్కారం పెట్టి మరీ అడిగాను కదండీ.

పప్పుచారు_ప్లేనో
మానేస్తే వస్తుందన్నది నిజమే. సెమాగ్లూటైడ్ అనే బరువు ఇంజెక్షన్ ట్రయల్‌లో మందు ఆపిన ఏడాదికి తగ్గిన దాంట్లో మూడింట రెండొంతులు తిరిగొచ్చింది. బీపీ మాత్ర ఆపితే బీపీ కూడా తిరిగొస్తుంది. ప్రశ్న అది కాదు. ఏ మందు?

ఎండో_కాదు_ఇంజనీర్ని
అసలు అన్యాయం ఎక్కడుందో ఎవరూ మాట్లాడరు. ఇక్కడ ఈ మందులకి బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు లెక్క) 30, లేదా 27తో పాటు ఇంకో జబ్బు ఉండాలంటారు. మనవాళ్ళకి ఆ లెక్క పనికిరాదు. పొట్ట దగ్గర కొవ్వు ఎక్కువ, కండ తక్కువ, 24 దగ్గరే షుగర్ మొదలవుతుంది. ఇండియాలో డాక్టర్లు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అంటారు. ఇక్కడ కూడా షుగర్ పరీక్ష విషయంలో ఆసియా వాళ్ళకి 23 నుంచే చేయమని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ చెప్తుంది. పరీక్షకి ఒక లెక్క, మందుకి ఇంకో లెక్కా? అందరం కలిసి ఇక్కడ మందులకి అనుమతులిచ్చే ఎఫ్‌డీఏకి రాయాలి.

సరూర్‌నగర్_శాన్‌హోసే
రాద్దాం అన్నా, కానీ ఆయనకి ఇయ్యాల మందు గావాలె.

బిల్లింగ్_డెస్క్_అక్క
న్యూజెర్సీలో ఒక క్లినిక్‌లో ఈ పీఏ ఫారాలు నింపడమే నా ఉద్యోగం. అడిగిన తమ్ముడూ, ముందు ఆ ఫోన్లు ఆపెయ్. కాల్ సెంటర్‌లో ఎవరెత్తినా వాళ్ళ తెర మీద కనిపించిన ముక్క చదివి చెప్తారంతే. చాలా ప్లాన్లలో మందుల వ్యవహారం ఇన్సూరెన్స్ కంపెనీ చేతిలో ఉండదు, పీబీఎం అని వేరే సంస్థ చూస్తుంది. కార్డు వెనక ఫార్మసీ నంబర్ విడిగా ఉంటుంది చూడు. "మాకేమీ రాలేదు" అన్నావిడ బహుశా మెడికల్ వైపు మనిషి అయుంటుంది.

నీకు కావాల్సింది డినయల్ లెటర్. పోస్టులో రాకపోయినా వెబ్‌సైట్‌లో లాగిన్ అయితే దొరుకుతుంది. అందులో కారణం రెండింటిలో ఒకటి ఉంటుంది. మందు ప్లాన్‌లో ఉంది గానీ నువ్వు షరతులకి సరిపోలేదు అని ఉంటే అది కాగితాల పోరాటం, గెలవొచ్చు. మందే ప్లాన్‌లో లేదు, అంటే మీ కంపెనీ ప్లాన్ రాయించుకున్నప్పుడే బరువు మందులు తీసేయించింది అని ఉంటే డాక్టరమ్మ ఎంత ముచ్చటగా ఉత్తరం రాసినా లాభం తక్కువ.

కాగితాల సంగతైతే, మా దగ్గర తిరిగొచ్చే ఫారాలు ఎక్కువ చిన్న విషయాలకే. మందు మొదలుపెట్టక ముందు బరువు, ఎత్తు, ఆ తేదీ విజిట్ నోట్‌లో ఉండాలి. ఊబకాయానికి 2024 అక్టోబర్ 1 నుంచి ఫారాల్లో వేసే కొత్త జబ్బు కోడ్లు వచ్చాయి, మొదటి తరగతికి ఈ66.811, రెండోదానికి 812, మూడోదానికి 813. వివరం లేని ఈ66.9 వేసి పంపే ఆఫీసులు ఇంకా ఉన్నాయి. బీఎంఐకి జడ్68 కోడ్ విడిగా వేయాలి. చాలా ప్లాన్లు కొన్ని నెలలు ఆహారం, వ్యాయామం ప్రయత్నించినట్టు రికార్డు అడుగుతాయి. మాస్టారూ, మీ జొన్న సంకటి అక్కడ పనికొస్తుంది. కాకపోతే తింటే చాలదు, తిన్నట్టు డాక్టర్ నోట్‌లో ఉండాలి.

విశ్రాంత_లెక్కల_మాస్టారు
చూశారా! చివరికి సంకటి దగ్గరికే వచ్చారు.

కాకినాడ_టు_కేటీ
అక్కా, లెటర్ దొరికింది. మందు జెప్‌బౌండ్ (అందరికీ తెలిసిందే కదా అని రాయలేదు). బీఎంఐ 34. షుగర్ లేదు, బీపీకి మాత్ర వేసుకుంటా. లెటర్‌లో "బరువు తగ్గించడానికి వాడే మందులు మీ ప్లాన్ ప్రయోజనాల్లో లేవు" అన్నట్టు ఉంది. అంటే ఇంకో కాగితం పంపాలా?

సరూర్‌నగర్_శాన్‌హోసే
అన్నా, ఊకోకు. అపీల్ కొట్టు. లెటర్ వచ్చినంక 180 రోజుల టైముంటది. నాకు గూడ ఫస్ట్ డినై చేసిండ్రు, అపీల్ చేస్తే ఇచ్చిండ్రు.

పప్పుచారు_ప్లేనో
నీది ఎక్స్‌క్లూజనా, అంటే మందే ప్లాన్‌లో లేదన్నారా?

సరూర్‌నగర్_శాన్‌హోసే
డినై అంటే డినైయే కద. పేర్లతోని ఏం పని?

పప్పుచారు_ప్లేనో
పేర్లతోనే పని. నీకు ప్లాన్‌లో మందు ఉంది, కాగితం తక్కువైంది, అపీల్‌లో పెట్టావు, ఇచ్చారు. ఈయనకి ప్లాన్‌లోనే లేదు. అపీల్‌లో వాళ్ళు చూసేది ప్లాన్ పుస్తకాన్నే. ఇన్సూరెన్స్‌తో సంబంధం లేనివాళ్ళు చూసే బయటి రివ్యూకి వెళ్ళినా, ఆ నాలుగు నెలల గడువున్నదే, అక్కడ చూసేది వైద్యపరంగా అవసరమా కాదా అన్న తగువు. కంపెనీ ఏం కొంది, ఏం కొనలేదు అన్నది వాళ్ళ పరిధి కాదు.

సరూర్‌నగర్_శాన్‌హోసే
ఫార్ములరీ (ప్లాన్ మందుల లిస్టు) ఎక్సెప్షన్ అని ఒకటుంటది, అది అడగొచ్చు కద?

బిల్లింగ్_డెస్క్_అక్క
అదీ వేరే. ప్లాన్ ఒక రకం మందుల్ని కవర్ చేస్తూ, అందులో ఒక బ్రాండ్‌ని లిస్టులో పెట్టుకోకపోతే ఎక్సెప్షన్ అడుగుతాం. 2025 జూలై 1న సీవీఎస్ కేర్‌మార్క్ అనే పీబీఎం తన స్టాండర్డ్ లిస్టులోంచి జెప్‌బౌండ్ తీసేసి వెగోవీ అనే ఇంకో బరువు మందుని ఉంచింది, అప్పుడు మా డెస్క్‌లో వారాల తరబడి అదే పని. మొత్తం బరువు మందులే వద్దన్నచోట ఎక్సెప్షన్‌కి దారి లేదు.

కాకినాడ_టు_కేటీ
మా పీబీఎం అది కాదు. ఇంతకీ నేను అపీల్ వేయాలా వద్దా?

ఎండో_కాదు_ఇంజనీర్ని
ఇన్సూరెన్స్ కంపెనీలు ఈ మందులు ఇచ్చి తీరాలని మీ రాష్ట్రంలో చట్టం ఉందేమో చూడండి. 

బిల్లింగ్_డెస్క్_అక్క
పెద్ద కంపెనీలు చాలావరకు సెల్ఫ్-ఫండెడ్. కార్డు మీద ఇన్సూరెన్స్ కంపెనీ పేరున్నా బిల్లు కట్టేది ఉద్యోగమిచ్చిన కంపెనీయే. వాటికి 1974 నాటి ఎరిసా చట్టం వర్తిస్తుంది, రాష్ట్ర ఇన్సూరెన్స్ చట్టాలు తాకవు. మీది ఏ రకమో హెచ్‌ఆర్‌ని అడిగితే చెప్తారు. "సమ్మరీ ప్లాన్ డిస్క్రిప్షన్" (ప్లాన్ పుస్తకం) పంపమను, అడిగితే ఇవ్వాల్సిందే. అందులో మినహాయింపుల పేజీలో ఆ వాక్యం అక్షరం పొల్లుపోకుండా ఎలా ఉందో చూడు. ఏటా ప్లాన్లు ఎంచుకునే ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ వస్తోంది కాబట్టి వచ్చే ఏడాదికి చేర్చమని హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టు. ఒక్కడివే కాకుండా మీ ఆఫీసులో ఇంకో నలుగురు పెడితే కదులుతారు. మా పేషెంట్ ఒకాయన కంపెనీలో అలాగే చేర్చారు.

డల్లాస్_దోసె
ఇంత గొడవెందుకు బ్రో. షుగర్ ఉందని రాయమను, షుగర్ మందు మౌంజారో ఇస్తారు. జెప్‌బౌండ్, మౌంజారో రెండూ ఒకే మందు, టిర్జెపటైడ్.

బిల్లింగ్_డెస్క్_అక్క
మందు ఒకటే, అది నిజం. లేని షుగర్ ఉందని రాయడం మోసం. ఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) రిపోర్టు అడుగుతారు, 6.5 రాకపోతే దొరికిపోతారు. డాక్టర్ లైసెన్స్ పోవచ్చు. పైగా రేపు లైఫ్ ఇన్సూరెన్స్ తీసుకుంటే రికార్డులో షుగర్ పేషెంట్‌వి. ఈ సలహా ఇంకెవరికీ ఇవ్వొద్దు.

డల్లాస్_దోసె
సరే అక్కా, కూల్.

హిమాయత్‌నగర్_వాసి
అక్కడ అంత పెట్టే బదులు ఇక్కడ్నుంచి తెప్పించుకోండి. 2025 మార్చిలో మౌంజారో ఇండియాకి వచ్చింది, అప్పుడు 2.5 మి.గ్రా. వయల్ 3,500, 5 మి.గ్రా. 4,375 రూపాయలు. వారానికి ఒకటి. ఈ పండక్కి ఎవరైనా వస్తే పంపేయొచ్చు.

పప్పుచారు_ప్లేనో
వయల్‌ని 2 నుంచి 8 డిగ్రీల్లో ఉంచాలి. హైదరాబాద్ నుంచి హ్యూస్టన్‌కి ఎలా తెస్తారు, పెరుగు డబ్బా పక్కనా? పైగా ఇంకొకరి మందు సూట్‌కేసులో పెట్టుకుని వచ్చినవాడు ఎయిర్‌పోర్టులో ఏం చెప్పాలి?

హిమాయత్‌నగర్_వాసి
ఊరికే అన్నాను. పోనీ నాదొక డౌట్. మా కంపెనీ గ్రూప్ పాలసీ 5 లక్షలు ఉంది. అందులో ఈ ఇంజెక్షన్ క్లెయిమ్ చేయొచ్చా?

ఎండో_కాదు_ఇంజనీర్ని
మామూలు పాలసీలో రాదు. ఇండియా ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రామాణిక మినహాయింపుల్లో ఊబకాయం, బరువు నియంత్రణ ఆరో నంబర్. ఆపరేషన్‌కి మాత్రమే సందు ఉంది, బీఎంఐ 40, లేదా 35తో పాటు గుండె జబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగుతుండడం), అదుపు తప్పిన షుగర్ లాంటివి. మందు ఇంట్లో వేసుకునేది కాబట్టి ఓపీడీ (ఆసుపత్రిలో చేరకుండా చేసే వైద్యం) కవర్ ఉంటేనే అడగడానికైనా వీలు. చూశారా, అక్కడ కూడా 35, 40! మన శరీరాలకి 23 అని మనమే చెప్పుకుని మన పాలసీలో మాత్రం...

హిమాయత్‌నగర్_వాసి
సరే సర్, అర్థమైంది.

కాకినాడ_టు_కేటీ
నా పోస్టులో మీ పాలసీలు చర్చించుకోండి, పర్లేదు. అక్కా, హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టా. వచ్చే ఏడాది దాకా ఆగాలంటే చేతి డబ్బుతో కొనుక్కోవడమేనా? అంత దాకా బీపీ ఎలా ఉంటుందో. సర్లే, రేపు చూస్తా. సీపాప్ మాస్కు తగిలించుకుంటే ఇక టైప్ చేయడం కుదరదు. గుడ్ నైట్.

బిల్లింగ్_డెస్క్_అక్క
ఆగాగు. సీపాపా? నిద్రలో ఊపిరి ఆగకుండా పెట్టే ఆ మిషనా? నీకు స్లీప్ ఆప్నియా ఉందా?

కాకినాడ_టు_కేటీ
గురక కోసం ఎప్పుడో ఇచ్చారు. అది స్లీప్ డాక్టర్ వేరే చూస్తాడు. దానికీ దీనికీ సంబంధం ఏంటి?

బిల్లింగ్_డెస్క్_అక్క
ఓరి దేవుడా. 2024 డిసెంబర్‌లో ఎఫ్‌డీఏ జెప్‌బౌండ్‌ని ఊబకాయం ఉన్న పెద్దవాళ్ళలో మధ్యస్థ, తీవ్ర స్లీప్ ఆప్నియాకి కూడా ఆమోదించింది. నీ ప్లాన్ వద్దన్నది "బరువు తగ్గించడానికి" వాడే మందుల్ని. స్లీప్ ఆప్నియాకి వాడితే అది వేరే జబ్బుకి చికిత్స. కొన్ని ప్లాన్లు ఆ దారిన ఇస్తున్నాయి, కొన్ని మందు పేరు చూసి దేనికైనా ఇవ్వం అంటాయి. అందుకే మినహాయింపు వాక్యం అక్షరం పొల్లుపోకుండా చదవమన్నా.

పాత దాని మీద అపీల్ కాదు, కొత్త పీఏ పంపించు. మొదటి జబ్బుగా జీ47.33 కోడ్ పెట్టాలి, ఊబకాయం రెండోది. స్లీప్ స్టడీ రిపోర్టు మొత్తం జత చేయాలి. అందులో ఏహెచ్ఐ అని ఒక అంకె ఉంటుంది, గంటకి ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో లేదా తగ్గిందో అది. 15 లేదా అంతకంటే ఎక్కువుంటే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. సీపాప్ వాడకం రికార్డు కూడా అడగొచ్చు. స్లీప్ డాక్టరే ప్రిస్క్రిప్షన్ రాస్తే ఇంకా మంచిది.

పప్పుచారు_ప్లేనో
ఇది మొదటి పోస్టులో రాసుంటే మనం జొన్నల దాకా వెళ్ళేవాళ్ళం కాదు.

సరూర్‌నగర్_శాన్‌హోసే
అన్నా నువ్వు మాస్కు పెట్టుకునుడు చెప్పకపాయె, మేం ఈడ కొట్టుకుంటున్నం 😄

విశ్రాంత_లెక్కల_మాస్టారు
బరువు తగ్గితే గురక కూడా తగ్గుతుంది.

బిల్లింగ్_డెస్క్_అక్క
మాస్టారు చెప్పిందే ఎఫ్‌డీఏ కూడా చెప్పింది. తమ్ముడూ, ఒకవేళ అదీ కుదరకపోతే మందు కంపెనీ నేరుగా అమ్మే వయల్స్ ఉన్నాయి, డోసుని బట్టి నెలకి 300 నుంచి 500 డాలర్ల మధ్య. హెచ్ఎస్ఏ (వైద్య ఖర్చులకి పన్ను లేకుండా దాచుకునే ఖాతా) ఉంటే అందులోంచి కట్టొచ్చు, ప్రిస్క్రిప్షన్ మందే కాబట్టి. ఆన్‌లైన్ స్పాల్లో "అదే మందు" అని సొంతంగా కలిపి అమ్మేవాళ్ళ జోలికి వెళ్ళకు.

కాకినాడ_టు_కేటీ
స్లీప్ డాక్టర్ ఆఫీసు వాళ్ళు రిపోర్టు మెయిల్ చేశారు. ఏహెచ్ఐ 22. ప్లాన్ పుస్తకం ఇంకా హెచ్‌ఆర్ పంపలేదు. అపాయింట్‌మెంట్ వచ్చే వారం. థ్యాంక్స్ అక్కా, అందరికీ.

ఎండో_కాదు_ఇంజనీర్ని
బీఎంఐ సంగతి మీద ఎవరూ స్పందించలేదు.

ఎడిసన్_కోడలు
ఇదే చోట అడుగుతున్నా, ఏమనుకోకండి. మా అత్తగారు విజిటర్ ఇన్సూరెన్స్ మీద వస్తున్నారు. ఇండియాలో మౌంజారో షుగర్‌కి వాడుతున్నారు. ఇక్కడ ఆ మందు ఆ ఇన్సూరెన్స్‌లో వస్తుందా?

పప్పుచారు_ప్లేనో
రాదు. ముందు నుంచి ఉన్న జబ్బు. ఆవిడ పేరు మీద ప్రిస్క్రిప్షన్‌తో ఐస్ ప్యాక్‌లో తెచ్చుకోమనండి, చెక్-ఇన్ బ్యాగేజీలో కాదు.

ఎడిసన్_కోడలు
ఎన్ని నెలలకి తేవచ్చు?