‘వింటేజ్’ అనే మాట ఏ కారుకు చెల్లుతుంది? ఉచ్చారణ తప్పులనూ దిద్దాలా?

పాత చక్రం (చర్చ ప్రారంభం)

పాత కార్ల అమ్మకపు ప్రకటనల్లోనూ, ప్రదర్శనల్లో కార్ల ముందు పెట్టే పలకల మీదా ‘వింటేజ్’ అనే మాటను ఇష్టం వచ్చినట్లు వాడుతున్నారు. బ్రిటన్‌లో 1934లో ఏర్పడిన వింటేజ్ స్పోర్ట్స్ కార్ క్లబ్ పాటించే విభజన ప్రకారం, 1919 నుంచి 1930 చివరి వరకు తయారైనవే వింటేజ్ కార్లు. మొదటి ప్రపంచయుద్ధం ముగిసేలోపు వచ్చినవి వేరే తరగతికి, 1930 తరువాత వచ్చినవి మరో తరగతికి చెందుతాయి. ఈ లెక్కన 1968 నాటి అంబాసిడర్ ఎంత ముద్దొచ్చినా క్లాసిక్ అవుతుందే గాని వింటేజ్ కాదు. ఉచ్చారణ సంగతీ అలాగే ఉంది. పోర్షెను ‘పోర్ష్’ అనీ, షెవ్రొలేను ‘చెవర్లెట్’ అనీ, షాసీని (కారు చట్రాన్ని) ‘చాసిస్’ అనీ పలికేవారు పాత కార్ల మీద అభిమానం ఉందని చెప్పుకోవడం నాకు వింతగా తోస్తుంది. ఈ రెండు రకాల తప్పులనూ మన ఈ పాత కార్ల చర్చా వేదికలో వెంటనే దిద్దాలని నా ప్రతిపాదన.

మార్క్ టూ

పాత చక్రం గారు చెప్పిన విభజన ఆ క్లబ్బుకు సరిపోతుంది గాని, మన రవాణా కార్యాలయానికి సరిపోదు. కేంద్ర ప్రభుత్వం 2021లో మోటారు వాహనాల నిబంధనలను సవరించి, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన సొంత వాడకపు ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలను వింటేజ్ వాహనాలుగా గుర్తించింది. వాటికి ‘వి.ఎ.’ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు, కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయల రుసుము ఉంటుంది, రోజువారీ తిరుగుడుకు వాటిని వాడకూడదు. కనుక 1968 అంబాసిడర్ ఇంగ్లండులో వింటేజ్ కాకపోవచ్చు, మన దేశంలో మాత్రం చట్టప్రకారం ఆ అర్హత సంపాదించుకోగలదు. మన రోడ్ల మీద, మన ఆర్.సి. పుస్తకంతో తిరిగే బండికి ఏ దేశపు నిర్వచనాన్ని ప్రమాణంగా తీసుకోవాలో వారే చెప్పాలి.

షెడ్డు మనిషి

ఉచ్చారణ విషయంలో నాకు గట్టి అభ్యంతరం ఉంది. షెడ్డులో పెయింటరు, టింకరింగ్ చేసేవాడు, లేతు మీద పనిచేసేవాడు, అందరూ చాసిస్ అనే అంటారు, ఆ మాటతోనే ఎన్నో కార్లు బాగుపడ్డాయి. ఇక ‘తప్పు’ మాటల చరిత్ర చూస్తే తమాషాగా ఉంటుంది. మనం అదనపు చక్రాన్ని స్టెప్నీ అంటాం. ఇంగ్లండువారు ఇది విని నవ్వవచ్చు గాని, ఆ మాట పుట్టింది వాళ్ల పొరుగునే. కార్లకు అదనపు చక్రం ఉండని 1904 ప్రాంతంలో, వేల్స్‌లోని లనెథ్లి పట్టణంలో డేవిస్ సోదరులు పంక్చరైన చక్రానికి పక్కనే బిగించుకునే టైరుతో కూడిన రిమ్మును తయారుచేశారు. వారి దుకాణం ఉన్న స్టెప్నీ వీధి పేరే దానికి వచ్చింది. ఆ వస్తువు ఎప్పుడో పోయింది, సొంత ఊళ్లో మాట కూడా మరుగున పడింది, మన మెకానిక్కుల నోట్లో మాత్రం బతికి ఉంది. డిక్కీ కూడా ఇలాంటిదే. పాత రెండు సీట్ల కార్ల వెనుక భాగంలో మూత ఎత్తితే తెరుచుకునే అదనపు సీటుకు ఉన్న పేరు అది. సీటు పోయి సామాను మిగిలినా పేరు మారలేదు. వీటిని తప్పులని దిద్దడం మొదలుపెడితే మనకు మాట్లాడటానికి ఏమీ మిగలదు.

పాత చక్రం

స్టెప్నీని దిద్దమని నేను అనలేదు. అయితే షెడ్డు మనిషి గారు ఒక ఇబ్బందిని పట్టించుకోలేదు. విదేశాల నుంచి విడిభాగాలు తెప్పించుకునేటప్పుడు ఈ ఉదారత పనికిరాదు. అమెరికా జాబితాలో ‘హుడ్’ అంటే బానెట్, బ్రిటిష్ జాబితాలో అదే మాటకు అర్థం మడతపెట్టే గుడ్డ పైకప్పు. బానెట్ కావాలని ఇంగ్లండుకు హుడ్ అని రాసిన వ్యక్తికి పార్సెల్ విప్పాక తెలుస్తుంది మాటకు ఎంత విలువ ఉందో.

గచ్చిబౌలి గ్యారేజి

ఉచ్చారణకు అర్థంతో సంబంధం లేదనుకోవడం కూడా పూర్తిగా నిజం కాదు. మన సంస్థానాధీశుల వాహనశాలల్లో కనిపించే పేర్లలో ఒకటి బ్రిటన్‌లోని కోవెంట్రీలో తయారైన డెయిమ్లర్. జర్మనీ కంపెనీని డైమ్లర్ అని పలుకుతారు. ఇంగ్లీషు రాతలో రెండూ ఒకటే, కంపెనీలు వేరు. మాట్లాడేటప్పుడు ఏ కంపెనీయో చెప్పేది మొదటి అక్షరంలోని ఆ ఒక్క అచ్చు ధ్వనే.

అలాగని పాత చక్రం గారిలా స్వచ్ఛతను మరీ పట్టుకుంటే రోల్స్ రాయిస్‌నే తప్పుపట్టాల్సి వస్తుంది. హైదరాబాదులోని చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాం వారి 1912 కారును అందరూ సిల్వర్ గోస్ట్ అంటారు. నిజానికి 1907లో ఆ పేరు ఒకే ఒక్క కారుకు పెట్టారు, మోడల్ పేరు 40/50 హార్స్‌పవర్. 1925లో ఫాంటమ్ అనే కొత్త మోడల్ వచ్చాక, పాతవాటిని వేరుగా గుర్తించడం కోసం కంపెనీయే ఆ మోడల్ మొత్తాన్నీ సిల్వర్ గోస్ట్ అనడం మొదలుపెట్టింది. వాడుక కంపెనీనే ఒప్పించిందన్న మాట.

మార్క్ టూ

అసలు చిక్కు ‘వింటేజ్’తో కన్నా ‘ఒరిజినల్’, ‘రిస్టోర్డ్’ (మొదటి రూపానికి తిరిగి తెచ్చినది) అనే రెండు మాటలతో ఉంది. డబ్బు పోయేది అక్కడే. 1990ల నాటి ఇసుజు 1800 ఇంజను వేసిన 1960ల అంబాసిడర్‌ను, కొత్తగా పెయింటు కొట్టించినంత మాత్రాన ఒరిజినల్ అని ప్రకటిస్తారు. ఆ కారు పుట్టినప్పుడు ఉన్నది 1489 సీసీ ఇంజను. సుఖంగా నడుపుకోవడానికి ఇసుజు మంచి నిర్ణయమే కావచ్చు, నేను తప్పుపట్టను. కాని 2021 నిబంధనల్లో వింటేజ్ గుర్తింపుకు షాసీలో, బాడీలో, ఇంజనులో మార్పులు చేయకుండా బండిని మొదటి రూపంలోనే ఉంచాలని ఉంది. ‘ఒరిజినల్’ అన్న మాట నమ్మి కొన్నవాడు ఆ గుర్తింపు కోసం వెళ్లినప్పుడు ఇబ్బంది పడతాడు. టింకరింగ్, పెయింటింగ్, సీట్ల రెగ్జిన్ మాత్రమే మార్చిన బండి రిస్టోర్డ్ కాదు, దానికి రీకండిషన్ అనే మన షెడ్డు మాటే నిజాయితీగా సరిపోతుంది.

షెడ్డు మనిషి

మార్క్ టూ గారి ఈ మాటతో ఏకీభవిస్తాను. 1978 నాటి ప్రీమియర్ పద్మినిని ‘ఫియట్’ అంటే ఎవరూ నష్టపోరు, తెలుగు ఊళ్లన్నిటా దాని పేరు అదే. ఇంజను మార్చిన సంగతి దాస్తే మాత్రం ఎంత చక్కగా షాసీ అని పలికినా అది మోసమే. ప్రకటనలో వింటేజ్ అని రాయాలనుకునేవారు పక్కనే తయారైన సంవత్సరాన్నీ, ఏది మొదటి నుంచి ఉందో, ఏది మార్చారో ఆ వివరాన్నీ తప్పక రాయాలని నియమం పెడితే చాలు.

పాత చక్రం

సంవత్సరం, మార్పుల వివరం తప్పనిసరి చేయడానికి నేను సిద్ధం. అవి ఉంటే వింటేజ్ అన్న మాటను మన చట్టప్రకారం వాడుకున్నా అభ్యంతరం చెప్పను. పోర్ష్ అని రాసిన చోట కింద పోర్షె అని దిద్దడం మాత్రం నేను మానను, ఎవరికి కోపం వచ్చినా సరే.