ద్రవ్యరాశి, భారం గ్రాఫు మూలబిందువు గుండా ఎందుకు పోవడం లేదు?

ప్రశ్న (అనంతపురం, తొమ్మిదో తరగతి ల్యాబ్):
10 న్యూటన్ల స్ప్రింగ్ త్రాసు, ఒక్కో గీత 0.1 న్యూటన్. కొక్కేనికి హ్యాంగర్ తగిలించి, దాని మీద 100 గ్రాముల బిళ్లలు ఒక్కొక్కటే పెంచుతూ పోతే రీడింగులు 1.5, 2.5, 3.4, 4.4, 5.4 న్యూటన్లు వచ్చాయి. గ్రాఫు గీత తిన్నగానే ఉంది కానీ నిలువు అక్షాన్ని 0.5 దగ్గర కోస్తోంది. భారాన్ని ద్రవ్యరాశితో భాగిస్తే మొదట 15, చివర 10.8. రెండూ అనుపాతంలో ఉండాలి కదా సార్?

జవాబు (కడప):
అనుపాతంలోనే ఉన్నాయి, మీరు హ్యాంగర్‌ను లెక్కలోకి తీసుకోలేదు. అది సాధారణంగా 50 గ్రాములు ఉంటుంది, అంటే 0.49 న్యూటన్లు. ముందు ఖాళీ త్రాసును నిలువుగా వేలాడదీసి ముల్లు సున్నా మీద ఉందో లేదో చూడండి. తర్వాత హ్యాంగర్ ఒక్కటే తగిలించండి. ముల్లు సున్నా మీద ఉండి, హ్యాంగర్‌కు 0.5 చూపిస్తే కారణం హ్యాంగరే. ప్రతి ద్రవ్యరాశికీ 0.05 కిలో కలిపి మళ్లీ గీయండి: 1.5ని 0.15తో భాగిస్తే 10, 5.4ని 0.55తో భాగిస్తే 9.8. ఖాళీగానే ముల్లు పక్కకు ఉంటే అది త్రాసు దోషం, ప్రతి రీడింగులోంచీ తీసేయాలి.

ఏ కారణమైనా గీత పక్కకు జరుగుతుందే తప్ప వాలు (అంటే g, గురుత్వ త్వరణం) మారదు. అందుకే గీతను బలవంతంగా మూలబిందువుకు లాగొద్దు. మీ రీడింగులతో అలా చేస్తే వాలు 11 దాటుతుంది. పిల్లలు ఎక్కువగా చేసే తప్పు ఇదే.

జవాబు (కర్నూలు):
వాలుకు గీత మీదే దూరంగా ఉన్న రెండు చోట్లు తీసుకోండి. మీ పాత గ్రాఫులోనైతే 0.05 కిలో దగ్గర 1.0, 0.45 దగ్గర 4.9. 3.9ని 0.4తో భాగిస్తే 9.75. ద్రవ్యరాశిని గ్రాముల్లో ఉంచితే 0.00975 వస్తుంది, పిల్లలు కంగారు పడతారు. కోణమానినితో కోణం కొలిచి టాన్ వేయడం అసలు కుదరదు, రెండు అక్షాల స్కేళ్లు వేరు కాబట్టి కోణం మీరు ఎంచుకున్న స్కేలును బట్టి మారిపోతుంది.
రీడింగు తీసేముందు త్రాసును వేలితో మెల్లగా తట్టండి, ముల్లు గాడి అంచుకు రాసుకుని ఆగిపోతుంటుంది.

ప్రశ్న అడిగినవారు:
హ్యాంగర్‌కు 0.5 చూపించింది, ఖాళీగా సున్నా. మరి 9.8 రాకుండా 9.75 వస్తే రికార్డులో ఏం రాయాలి?

జవాబు (కడప):
9.75 అనే రాయండి. ఒక్కో రీడింగులో అర గీత, అంటే 0.05 న్యూటన్, అటూఇటూ పోతే వాలులో 0.25 దాకా తేడా వస్తుంది. అనంతపురం అక్షాంశానికి g సుమారు 9.78. దాన్నీ 9.8నీ ఈ త్రాసు వేరుచేసి చూపలేదు.
వీలైతే అదే కాగితం మీద చంద్రుడి గీత కూడా గీయించండి, వాలు 1.62. అర కిలో దగ్గర నిలువుగా చూస్తే ఇక్కడ 4.9, అక్కడ 0.81 న్యూటన్లు. అడ్డ అక్షం మీద బిందువు, అంటే ద్రవ్యరాశి, మాత్రం కదలదు.