ఎనిమిదో పిక్‌లో పెనిక్సా? ఏంది సామీ ఈ ఫాల్కన్స్!

కోర్లగుంట ఫాల్కన్ (తిరుపతి)
26 ఏప్రిల్ 2024, ఉదయం 10.20

ఎన్ఎఫ్ఎల్ (అమెరికా వాళ్ల ఫుట్‌బాల్ లీగ్) చూసేవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి. పొద్దున అట్లాంటా ఫాల్కన్స్ చేసిన పని మీకేమైనా అర్థమైందా? కాలేజీ కుర్రాళ్లని టీమ్‌లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఎనిమిదో పిక్ చేతిలో పెట్టుకుని మైకేల్ పెనిక్స్ జూనియర్‌ని తీసుకున్నారు. క్వార్టర్‌బ్యాక్‌ని, అంటే బంతి విసిరి ఆట నడిపేవాణ్ణి! పోయిన నెలలోనే కర్క్ కజిన్స్‌తో నాలుగేళ్లకు 18 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్ రాసుకున్న టీమ్ ఇది. అందులో 10 కోట్ల డాలర్లు గ్యారంటీ, అంటే మన రూపాయల్లో 830 కోట్ల పైమాటే. అంత పోసి తెచ్చుకున్న మనిషి ఇంకా ఒక్క మ్యాచ్ ఆడలేదు. అప్పుడే ఆయన జాగాకి ఇంకొకణ్ణి తెచ్చి కూర్చోబెట్టారు.

పెనిక్స్ మీద నాకేం కోపం లేదు, ముందే చెప్పేస్తున్నా. ఎడమచేతి వాటం కుర్రాడు, పోయిన సీజన్లో వాషింగ్టన్ యూనివర్సిటీకి 4,903 గజాలు విసిరాడు. కాలేజీ ఫుట్‌బాల్‌లో ఆ ఏడు అందరికంటే అదే ఎక్కువ. బంతి అంత దూరం పోయి కూడా సరిగ్గా మనిషి చేతిలో వాలుతుంది, చూడముచ్చటగా ఉంటుంది. కానీ వచ్చే నెలకి అతనికి 24 నిండుతాయి. రెండేళ్లో మూడేళ్లో బెంచ్ మీద కూర్చోబెడితే ఆట మొదలుపెట్టేసరికి 26, 27. కుర్రాణ్ణి తెచ్చి పెంచుకుంటున్నాం అనే మాట ఎక్కడ నిలబడుతుంది?

నా బాధంతా డిఫెన్స్ గురించి, అంటే ఎదుటి టీమ్‌ని ఆపేవాళ్ల గురించి. 2021లో నాలుగో పిక్ కైల్ పిట్స్. 2022లో ఎనిమిదో పిక్ డ్రేక్ లండన్. 2023లో మళ్లీ ఎనిమిదో పిక్ బిజాన్ రాబిన్సన్. ముగ్గురూ బంతి అందుకుని పరిగెత్తేవాళ్లే. ఫలితం? మూడేళ్లూ 7 గెలిచి 10 ఓడాం, ఒక్క ఏడు కూడా అంకె మారలేదు. 2021లో అయితే అవతలి క్వార్టర్‌బ్యాక్‌ని సీజన్ మొత్తానికి 18 సార్లే పడగొట్టాం, లీగ్‌లో అందరికంటే తక్కువ. మన మీద ఆడేవాడు తీరిగ్గా నిలబడి, చూసుకుని, మనసులో ఓ పాట పాడుకుని మరీ విసురుతాడు.

ఈసారి మన వంతు వచ్చేసరికి ముందున్న ఏడు టీమ్‌లూ ఆఫెన్స్ వాళ్లనే తీసుకున్నాయి. అంటే ఆ హాల్లో ఉన్న డిఫెన్స్ కుర్రాళ్లలో ఎవరిని వేలు పెట్టి చూపిస్తే వాడు మనవాడే. అలబామా నుంచి వచ్చిన డల్లస్ టర్నర్‌ని ఫాల్కన్స్ తీసుకుంటారని నెల నుంచీ అందరూ రాస్తూనే ఉన్నారు. తీసుకోలేదు. ఆ తర్వాత కూడా ఆఫెన్స్ వాళ్లే పోతూ వచ్చి, 15వ పిక్‌లో కోల్ట్స్ లయాటు లాటుని పిలిస్తే గానీ మొదటి డిఫెన్స్ పేరు వినపడలేదు. మొదటి పద్నాలుగు పిక్‌లూ ఆఫెన్సే కావడం ఇంతకుముందెప్పుడూ జరగలేదు. మనకి దొరికిన వీలు అట్లాంటిది!

ఇంకా మండేది ఇంకొకటుంది. కజిన్స్ వదిలేసి వచ్చిన వైకింగ్స్ ఏం చేశారో చూశారా? పదో పిక్‌లో కొత్త క్వార్టర్‌బ్యాక్ జేజే మెకార్తీ, 17వ పిక్‌లో అదే డల్లస్ టర్నర్. ఒక్క రాత్రిలో రెండు పనులూ చక్కబెట్టుకున్నారు. మేం డబ్బులూ ఇచ్చాం, పిక్ కూడా అక్కడే పెట్టాం.

డ్రాఫ్ట్ మన టైమ్‌కి పొద్దున 5.30కి మొదలు. బస్టాండు ఎదురు సందులో మాకు చిన్న లాడ్జి ఉంది. రాత్రి బస్సులు దిగినవాళ్లంతా వచ్చే వేళ అది. రిజిస్టర్‌కి ఆనించి ఫోన్ పెట్టుకుని చూస్తున్నా. సరిగ్గా ఫాల్కన్స్ వంతు గడియారం నడుస్తున్నప్పుడు ఒక పెద్దాయన ఆరు ఆధార్ కార్డులు కౌంటర్ మీద పరిచి, వేడినీళ్లు ఎన్ని గంటల దాకా వస్తాయి, ఎస్ఎస్‌డీ (కొండ మీద ఉచిత దర్శనం) టోకెన్లు శ్రీనివాసంలో ఇస్తారా విష్ణునివాసంలోనా అని వరసగా అడుగుతున్నాడు. ఒక కన్ను ఆధార్ నంబర్ల మీద, ఒక కన్ను ఫోన్ మీద. లీగ్ కమిషనర్ గుడెల్ వేదిక మీదికి వచ్చి పేరు చదివాడు. నాకు తెలియకుండానే “అయ్యో!” అని అరిచేశా. పెద్దాయన గుండె మీద చెయ్యి వేసుకుని, “ఏం బాబూ, టోకెన్లు అయిపోయాయా?” అన్నాడు. శుక్రవారం పొద్దున్నే ఆ కుటుంబానికి అంత టెన్షన్ పెట్టిన పాపం ఫాల్కన్స్ ఆఫీసుదే.

సరే, నేనడిగేది ఒక్కటే. కజిన్స్ బాగా ఆడితే పెనిక్స్ బెంచ్ మీదే ఉంటాడు, ఎనిమిదో పిక్ దండగ. కజిన్స్ బాగా ఆడకపోతే 10 కోట్ల డాలర్లు దండగ. రెండూ పనికొచ్చే దారి ఏదైనా ఉంటే చెప్పండి. ఊరికే “టీమ్‌కి తెలియదా” అనే సమాధానం మాత్రం వద్దు. సూపర్ బౌల్ ఫైనల్లో 28–3తో ముందుండి కూడా ఫాల్కన్స్ ఓడిన మ్యాచ్ లైవ్‌లో చూసినవాణ్ణి నేను.

---

కాణిపాకం బస్సు

నిన్నటితోనే నామినేషన్లు ముగిశాయి కాబట్టి నాకు ఇదే తోస్తోంది. ఒకాయనకి బీ ఫారం ఇచ్చి, ర్యాలీ తీయించి, ఊరంతా ఫ్లెక్సీలు కట్టించి, సాయంత్రం ఇంకొకాయన్ని పిలిచి “నువ్వు కూడా రెడీగా ఉండప్పా” అన్నట్టుంది. ఫ్లెక్సీల ఖర్చు ఎవరి ఖాతాలో?

---

గ్రీమ్స్‌పేట ప్యాకర్ (చిత్తూరు)

అన్నా, నీ కోపం అర్థమవుతుంది గానీ కొంచెం మా వైపు నుంచి చూడు. ప్యాకర్స్ అభిమానిగా ఈ సినిమా నేను రెండుసార్లు చూశా.

2005లో క్వార్టర్‌బ్యాక్ బ్రెట్ ఫార్వ్ ఉండగానే 24వ పిక్‌లో ఆరన్ రాడ్జర్స్‌ని తీసుకున్నారు. మూడేళ్లు కూర్చోబెట్టారు. తర్వాత ఏమైందో నీకు తెలుసు. 2020లో రాడ్జర్స్ ఉండగానే, అదీ పైకి ట్రేడ్ చేసుకుని మరీ, 26వ పిక్‌లో జోర్డన్ లవ్. ఆ రోజు నేనూ నీలాగే ఊగిపోయా. రాడ్జర్స్‌కి ఆ కోపం ఎంత పనిచేసిందో గానీ 2020, 2021 రెండేళ్లూ ఎంవీపీ (లీగ్‌లో ఉత్తమ ఆటగాడు) కొట్టాడు. అతను వెళ్లాక లవ్ వచ్చి మొన్న జనవరిలో డల్లస్‌కి వెళ్లి కౌబాయ్స్‌ని 48–32తో ఓడించి వచ్చాడు.

కజిన్స్ సంగతి చూడు. ఆగస్టుకి 36 నిండుతాయి. పోయిన అక్టోబరులో మా మీద ఆడుతూనే అకిలీస్ (మడమ వెనక నరం) తెగింది. అది కుదురుకుని వచ్చినా ఆ కాలు మీద నాలుగేళ్లు లెక్కేసుకోవడం ధైర్యమే. ఇప్పుడు ఆయనతో మీరు 9, 10 గెలిచారనుకో, వచ్చే ఏడాది మీ పిక్ ఏ ఇరవయ్యో నంబరుకో పోతుంది. అక్కడ క్వార్టర్‌బ్యాక్ ఎవడు మిగులుతాడు? ఈ ఏడాదే చూడు, మొదటి 12 పిక్‌లలో ఆరుగురు క్వార్టర్‌బ్యాక్‌లు పోయారు. ఆగితే అయిపోయినట్టే.

ఇంకో మాట. మీ పాత క్వార్టర్‌బ్యాక్ మ్యాట్ రయాన్ ఈ సోమవారమే ఫాల్కన్‌గా రిటైరయ్యాడు కదా. 2022లో ఆయన్ని కోల్ట్స్‌కి పంపాక మీకు మరియోటా, రిడ్డర్. రెండేళ్లూ గతుకుల రోడ్డే. ఆ గుంత మళ్లీ రాకూడదని ముందే మట్టి పోస్తున్నారు, అంతే.

---

కోర్లగుంట ఫాల్కన్

నువ్వు చెప్పిన కథ బాగుంది గానీ తమ్ముడూ, అందులో ఒక ముక్క దాటేశావు. లవ్‌ని తీసుకునేటప్పటికి ప్యాకర్స్ 13–3 టీమ్, అంటే ముందు సీజన్లో 13 గెలిచి 3 ఓడారు. రాడ్జర్స్‌ని తీసుకునేటప్పటికి 10–6. చీఫ్స్ క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్ పేరు ఎవరైనా తెస్తారేమో, 2017లో చీఫ్స్ అతన్ని పదో పిక్‌లో తీసుకున్నారు, ముందు ఏడాది వాళ్లు 12–4. కడుపు నిండినవాళ్లు రేపటికి దాచుకోవచ్చు. మేం 2017 సీజన్ తర్వాత ప్లేఆఫ్స్ మొహం చూడలేదు. ముందు ఈ పూట సంగతి చూడాలా వద్దా?

పైగా 24, 26వ పిక్‌లు వేరు, ఎనిమిది వేరు.

---

ఎల్లో జెర్సీ పుత్తూరు

నాకు ఈ ఆట తెలియదన్నా, కానీ చదువుతుంటే ఆపలేకపోయా. డ్రాఫ్ట్ అంటే మన ఐపీఎల్ వేలం లాంటిదేనా? డిసెంబరులో మా సీఎస్కే వాళ్లు సమీర్ రిజ్వీకి 8.4 కోట్లు పెట్టినప్పుడు కూడా మా వాట్సాప్ గ్రూపులో ఇట్లాగే కొట్టుకున్నాం. అంతర్జాతీయ మ్యాచ్ ఒక్కటీ ఆడని కుర్రాడికి అంతా అని.

ఇంకోటి, ధోనీ ఉండగానే రుతురాజ్‌కి కెప్టెన్సీ ఇచ్చారు కదా పోయిన నెల. తర్వాతివాణ్ణి ముందే రెడీ చేసుకోవడంలో తప్పేముంది?

---

కోర్లగుంట ఫాల్కన్

వేలం కాదు తమ్ముడూ. ఇక్కడ పాట ఉండదు. 32 టీమ్‌లు, ఏడు రౌండ్లు. పోయినేడు బాగా ఓడినవాడు ముందు, కప్పు గెలిచినవాడు చివర. కాలేజీ నుంచి వచ్చే కుర్రాళ్లని వరసగా పిలుచుకోవాలి. ఎన్నో నంబరుకి తీసుకుంటే ఎంత జీతమో దాదాపు ముందే ఖాయం. కాబట్టి డబ్బు పోతుందన్న భయం లేదు, పోయేది వంతు. ఆ వంతు మళ్లీ ఏడాదికి గానీ రాదు. అందుకే ఇంత గొడవ.

ధోనీ సంగతి వేరు. ఆయనే పక్కకి జరిగి ఇచ్చాడు, పక్కనే నిలబడి నేర్పుతున్నాడు. ఇక్కడ కజిన్స్‌కి వంతు వచ్చాకే, సరిగ్గా పిక్ చేసే ముందు ఫోన్ కొట్టి చెప్పారట. ముందు మాటైనా లేదని ఆయన ఏజెంటే బయటికి చెప్పేశాడు. 18 కోట్ల డాలర్ల మనిషికి ఇచ్చే మర్యాద ఇదా?

---

కమింగ్‌లో మదనపల్లె

జార్జియా నుంచి రాస్తున్నా, ఇక్కడ ఒంటిగంట దాటింది. నిద్ర పట్టలేదు, మీ గోల దొరికింది, సంతోషం.

ఫోన్ విషయం విని ఇక్కడ కూడా అందరూ అదే అంటున్నారు. కానీ కజిన్స్ మీద మరీ జాలి పడేముందు ఆయన ఎట్లా వచ్చాడో గుర్తు చేసుకోండి. 2012లో ఎన్ఎఫ్ఎల్ వాషింగ్టన్ టీమ్ రెండో పిక్‌లో క్వార్టర్‌బ్యాక్ రాబర్ట్ గ్రిఫిన్‌ని తీసుకుంది. ఊరంతా పండగ. అదే డ్రాఫ్ట్‌లో నాలుగో రౌండ్‌లో ఇంకో క్వార్టర్‌బ్యాక్‌ని తీసుకుంటే, ఇదేం పిచ్చి అని తిట్టారు. ఆ రెండోవాడే కజిన్స్! గ్రిఫిన్ మోకాలు పోయింది, కజిన్స్ నిలబడ్డాడు. అప్పుడు బెంచ్ మీద కూర్చుని వంతు లాక్కున్న మనిషికి ఇప్పుడు అదే ఎదురొచ్చింది.

నాకున్న భయం మీరెవరూ రాయలేదు. పెనిక్స్ ఒళ్లు. ఇండియానా యూనివర్సిటీలో ఉన్నప్పుడు 2018 నుంచి 2021 దాకా వరసగా నాలుగు సీజన్లు దెబ్బతోనే ముగిశాయి. అందులో రెండుసార్లు అదే కుడి మోకాలు. వాషింగ్టన్ యూనివర్సిటీకి వచ్చాక రెండేళ్లు ఏమీ కాలేదు, నిజమే. షుగర్ బౌల్‌లో, అంటే కాలేజీ సెమీఫైనల్లో, టెక్సస్ మీద 430 గజాలు విసిరిన రాత్రి నేను సోఫాలోంచి లేచి నిలబడ్డా. కానీ వారానికే మిషిగన్ మీద ఫైనల్లో వాళ్ల లైన్ మీద పడుతుంటే లేవడానికే కష్టపడ్డాడు, 34–13. అకిలీస్ తెగిన ఆయనకి తోడుగా మోకాలు రెండుసార్లు పోయినవాణ్ణి తెచ్చుకుని, వాళ్లిద్దరి ముందు నిలబడే లైన్ గురించి గానీ, ఎదుటివాణ్ణి పడగొట్టేవాడి గురించి గానీ ఆలోచించకపోతే ఎట్లా?

అయినా ఒక మాట. ఆ చెయ్యి మాత్రం నిజం. ఇక్కడి స్టేడియంకి పైకప్పు ఉంది, గాలీ వానా బాధ లేదు. పిట్స్, లండన్ లాంటి పొడుగు మనుషులు ఉన్నారు. వాళ్లకి ఆ దూరం బంతులు వేసేవాడు రిడ్డర్ కాలేకపోయాడు.

---

కోర్లగుంట ఫాల్కన్

గ్రిఫిన్ సంగతి భలే పట్టావన్నా. కానీ నాలుగో రౌండ్ అంటే 102వ పిక్. అక్కడ ఎవణ్ణి తీసుకున్నా అడిగేవాడు లేడు. పెనిక్స్‌ని కూడా చాలామంది మొదటి రౌండ్ చివరికో రెండో రౌండ్‌కో లెక్కేశారు. అంత కావాలనుకుంటే కిందికి ట్రేడ్ చేసుకుని, అదనంగా ఇంకో పిక్ సంపాదించి తీసుకోకూడదా? అంటే పన్నెండులో బ్రాంకోస్ ఉన్నారు, వాళ్లు లాక్కుపోతారని భయం అంటారు. పోతే పోయాడు, వాళ్లు తీసుకున్న క్వార్టర్‌బ్యాక్ బో నిక్స్ మనకి మిగిలేవాడు.

గెలిస్తే నేనే ముందు అరుస్తా, అది వేరే సంగతి. సెప్టెంబరులో కజిన్స్ నడిచే తీరు చూశాక మాట్లాడుకుందాం. జనరల్ మేనేజర్ ఫాంటెనో, కోచ్ మోరిస్ ఇద్దరూ ఈ పిక్‌కి జవాబు చెప్పాల్సిన రోజు వస్తుంది, అంతవరకు నేను మాత్రం టర్నర్ ఆడే వైకింగ్స్ మ్యాచ్‌లు చూసి కుళ్లుకుంటా.

---

గ్రీమ్స్‌పేట ప్యాకర్ (చిత్తూరు)

రెండో రౌండ్ రేపు పొద్దున 4.30కే. 43వ పిక్ మీదే. అక్కడ కూడా క్వార్టర్‌బ్యాక్‌ని తీసుకుంటే వెంటనే ఇక్కడ రాయన్నా, నేనూ నీతో కలిసి తిడతా.