పాత వీల్ వెయిట్లు కరిగించి వలకి సీసం గుళ్ళు పోసుకోవడం: ఇంటి దగ్గర చెయ్యొచ్చా, చెయ్యకూడదా?

లంక కుర్రోడు:
మాది రాజోలు దగ్గర లంక గ్రామం అండి. అమలాపురంలో టైర్ల కొట్టున్న ఫ్రెండు, బ్యాలెన్సింగ్ చేసేటప్పుడు చక్రాలకి పీకేసిన పాత వెయిట్లు బకెట్ నిండా ఇచ్చాడు, ఇద్దరం పడితే గానీ లేవలేదు. విసురు వల కొత్తది కడుతున్నాం, వాటిని కరిగించి, వల మునగడానికి అంచుకి కట్టే గుళ్ళు పోసుకుంటే కొనక్కర్లేదు కదా అని ఐడియా. నాన్న ఏమో పెరట్లో పొయ్యి పెట్టుకుని పోసేద్దాం మేం ఎప్పుడూ అలాగే పోసేవాళ్ళం అంటున్నారు, వదిన ఏమో ఇంట్లో చిన్నపిల్లలున్నారు సీసం గుమ్మం దాటి లోపలికి రాకూడదు అంటోంది. రెండు వైపుల మాటా వినాలని ఇక్కడ అడుగుతున్నా.

చించినాడ బావ:
ఇందులో అడగడానికి ఏముంది తమ్ముడూ. అంతర్వేది నుంచి యానాం దాకా వల పట్టినోళ్ళందరూ ఇంటి దగ్గర పోసుకున్నోళ్ళే. పొయ్యి ఆరుబయట పెట్టు, గాలి నీ వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడు, పొగ మొహానికి కొట్టకుండా చూసుకో, అంతే. సీసం 327 డిగ్రీలకే కరిగిపోద్ది, వంట గ్యాస్ పొయ్యి చాలు. భయపెట్టేవాళ్ళ మాట వింటే వల కట్టడం మానేసి కూర్చోవాలి.

రక్తపరీక్షల రాణి:
బావగారూ, మీరు పొగ పొగ అంటున్నారు గానీ అసలు ప్రమాదం పొగలో కాదండీ ఉన్నది, ఇది నేను ల్యాబ్‌లో పని చేస్తున్న మనిషిగా చెప్తున్నా. సీసం అప్పుడే కరిగిన వేడి దగ్గర ఆవిరయ్యేది చాలా తక్కువ, 500 డిగ్రీల వైపు వెళ్తే అప్పుడు ఆ బెడద పెరుగుతుంది. మరి ఇంట్లోవాళ్ళకి ఎలా వస్తుందంటే, కరిగిన సీసం మీద బూడిద రంగు తెట్టె కడుతుంది చూడండి, అది సీసం ఆక్సైడు, గరిటెతో తీసి పక్కన పోసేటప్పుడు అందులోంచి కంటికి ఆనని ధూళి లేస్తుంది. అది మీ లుంగీ మీద, జుట్టులో, చెప్పుల కింద, పెరటి మట్టిలో ఉండిపోతుంది. పాకే పిల్లలు ఆ మట్టిలో చెయ్యి పెట్టి ఆ చెయ్యి నోట్లో పెట్టుకుంటారు. పెద్దాళ్ళ కంటే పిల్లల ఒంటికి నాలుగైదు రెట్లు ఎక్కువ పడుతుంది మింగిన సీసం. గాలి వీపు వైపు నుంచి వస్తే మీ ముక్కు బాగానే ఉంటుంది, ఆ గాలి పోయి పడేది ఎక్కడో చూసుకోండి, వరండాలోనో పక్కింటివాళ్ళ వడియాల మీదో.

వెల్డింగ్ అన్న:
రాణి గారు చెప్పింది కరెక్టే. కానీ మొత్తానికి వద్దు అనేకంటే ఎలా చెయ్యాలో చెప్తే మేలు, ఎందుకంటే వద్దన్నా చేస్తారు మనవాళ్ళు. తమ్ముడూ, ముందు ఆ బకెట్ ఒక పరదా మీద బోర్లించి ఏరు. చాలా వెయిట్ల మీద అక్షరాలు ఉంటాయి, పీబీ (Pb) అంటే సీసం, జెడ్ఎన్ (Zn) అంటే జింకు, ఎఫ్ఈ (Fe) అంటే ఇనుము. అక్షరాలు లేకపోయినా, అరిగిపోయి కనపడకపోయినా కటింగ్ ప్లయర్‌తో నొక్కు, సీసం వెన్నలా దిగుతుంది, జింకు గట్టిగా ఉండి ప్లయర్ జారిపోతుంది. నేల మీద పడేస్తే సీసం దబ్బుమంటుంది, జింకు ఖంగుమంటుంది. జింకు కరగడానికి 419 డిగ్రీలు కావాలి, కాబట్టి మంట తక్కువ మీద ఉంచితే ఒకటి రెండు తప్పించుకుని పడ్డా పైన తేలతాయి, వెయిట్లని చక్రానికి పట్టి ఉంచే ఇనప క్లిప్పులతో పాటు తీసెయ్యొచ్చు. మంట పెంచేశావా, అది కూడా కలిసిపోయి సరుకంతా ముద్దముద్దగా అయిపోద్ది, అచ్చులో సరిగ్గా దిగదు. లేజర్ గన్ థర్మామీటర్ నమ్మకు, మెరిసే సీసం మీద అది తక్కువ చూపిస్తుంది, లోపల ముంచే ప్రోబ్ ఉన్నది కావాలి. ఆ బకెట్లో ట్యూబ్ వాల్వులు, సిగరెట్ పీకలు, స్టిక్కర్ జిగురు కూడా ఉంటాయి, అవి ముందే తీసెయ్.

చించినాడ బావ:
మేం జింకూ గింకూ చూసింది లేదు, అప్పట్లో అన్నీ సీసంవే.

వెల్డింగ్ అన్న:
అదే కదా బావా తేడా. యూరప్‌లో కార్లకి సీసం వెయిట్లు వెయ్యడం 2005 లోనే ఆపేశారు, అప్పట్నుంచి జింకువీ ఇనుపవీ బజార్లోకి ఎక్కువ వచ్చాయి. ఇప్పుడు బకెట్లో అన్నీ కలిసే ఉంటాయి.

ఇంకోటి, అన్నిటికంటే నాకు భయం నీళ్ళు. మన దగ్గర వానాకాలం గాలే తడిగా ఉంటది. ఆరుబయట పెట్టిన బకెట్లో వెయిట్ల మధ్య చుక్క నీళ్ళున్నా, కరిగిన సీసంలో పడి కిందకి దిగితే ఒక్కసారిగా ఆవిరయిపోయి పదహారు వందల రెట్లు పైన ఉబ్బుతుంది, మూకుట్లో సీసం మొత్తం ఎగిరి మొహం మీద పడుతుంది. అందుకని చల్లగా ఉన్న మూకుట్లోనే వెయిట్లన్నీ పోసి, మూత పెట్టి, అప్పుడు మంట వెలిగించాలి. కరిగాక మళ్ళీ ఇంకో గుప్పెడు వెయ్యకూడదు. మట్టి అచ్చులు పోసేవాళ్ళు ఇంకా జాగ్రత్త, పైకి ఎండినట్టే ఉంటుంది లోపల చెమ్మ ఉంటుంది, ఎర్రటి ఎండలో రోజుల తరబడి ఎండాక సన్నటి మంట మీద కూడా కాల్చాలి. మబ్బు పట్టిన రోజు అసలు పొయ్యి ముట్టించకు.

కాటన్ గేటు:
మూకుడు ఇనపదే వాడాలి అని కూడా రాయండి అన్నా. సత్తు గిన్నెల్లో కరిగించేవాళ్ళని చూశాను, వేడికి మెత్తబడి అడుగు ఊడిందంటే కాళ్ళ మీదే. ఇక ఆ మూకుడు, ఆ గరిటె మళ్ళీ వంటింట్లోకి వెళ్ళకూడదు, కడిగినా సరే.

వేరే విషయం, ఏలూరులో 2020 డిసెంబర్లో జనం ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి పడిపోయారు కదా, వందల మంది, అది కూడా సీసమే అన్నారు. మన పక్క జిల్లాలోనే జరిగింది.

రక్తపరీక్షల రాణి:
ఏలూరుని ఇక్కడికి తేకండి. మొదట ఎయిమ్స్ వాళ్ళు రక్తం నమూనాల్లో సీసం, నికెల్ ఉన్నాయన్నారు, తర్వాత వచ్చిన నివేదికలు పురుగుమందుల అవశేషాల వైపు చూపించాయి. దాన్ని వీల్ వెయిట్లకి ముడిపెడితే ఒక్కరూ నమ్మరు, నమ్మాల్సిన మాట కూడా వినరు. సీసం అలా ఒక్కరోజులో పడగొట్టడం అరుదు. కొంచెం కొంచెంగా చేరి ఎముకల్లో ఏళ్ళ తరబడి కూర్చుంటుంది. పెద్దవాళ్ళకి కడుపునొప్పి, మలబద్ధకం, బీపీ, చేతులు తిమ్మిర్లు అని వస్తాయి, గ్యాస్ అనుకుని బిళ్ళ వేసుకుంటారు. పిల్లలకి పైకి ఏమీ తెలీదు, చదువు ఎక్కదు, అంతే. గర్భంతో ఉన్న ఆవిడకి అయితే కడుపులో బిడ్డకి కూడా చేరుతుంది. రక్తంలో డెసిలీటరుకి 5 మైక్రోగ్రాములు దాటితే ఎక్కడ నుంచి వస్తోందో వెతికి ఆపమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 లో చెప్పింది, అంత మాత్రాన 5 కి తక్కువయితే మంచిదే అని కాదు.

పోలిక కావాలంటే సెనెగల్‌లో డాకర్ దగ్గర జరిగింది చూడండి. పాత బ్యాటరీల సీసం ఏరుకునే పేటలో 2007 నవంబర్ నుంచి 2008 మార్చి లోపు 18 మంది పిల్లలు చనిపోయారు. ఇళ్ళ మధ్య ఇసకంతా సీసం ధూళే.

చించినాడ బావ:
బ్యాటరీలు వేరమ్మా. మేమెవరం బ్యాటరీ పగలగొట్టం.

వెల్డింగ్ అన్న:
అవును బావా, బ్యాటరీ మాట ఎవరూ తలపెట్టకూడదు, యాసిడ్, వేడికి విషవాయువులు, పైగా 2022 రూల్సు ప్రకారం పాత బ్యాటరీ రిజిస్టరైన రీసైక్లింగ్ వాళ్ళకే చేరాలి. కానీ ధూళి ధూళే, ఎందులోంచి వచ్చినా.

గట్టు మీద మాస్టారు:
నేను చిన్నప్పట్నుంచి విసురు వల పట్టినవాణ్ణి, ఇంతవరకూ ఎవరూ రాయనిది ఒకటి చెప్తాను. వల విసిరేటప్పుడు ఏం చేస్తాం, తాడు మణికట్టుకి, సగం వల మోచేతి మీద, అంచు కొస పళ్ళతో కరిచి పట్టుకుంటాం. ఆ అంచులోనే గుళ్ళు ఉంటాయి. కొత్తగా పోసిన గుండు అయితే పెదవికి నల్లగా అంటుతుంది, తుడుచుకుంటే బొటనవేలి మీద కనపడుతుంది. కొందరు గుళ్ళు తాడుకి బిగించేటప్పుడు కూడా పళ్ళతోనే నొక్కుతారు. మళ్ళీ అదే చేత్తో బీడీ, అదే చేత్తో అన్నం. కరిగించే రోజు ఒక్కటే చూస్తున్నారు మీరంతా, వల ఉన్నన్నాళ్ళూ సీసం మన చేతిలోనే ఉంటుంది. గుళ్ళు లేని తాడు ముక్క పట్టుకుని విసరడం అలవాటు చేసుకోవచ్చు, నేర్చుకునే కుర్రాళ్ళకి మొదటే అలా నేర్పాలి. వల పని అవగానే సబ్బుతో చేతులు, మూతి కడుక్కోవాలి, ఉత్త గోదారి నీళ్ళతో కడిగితే పోదు.

కరిగించే సంగతికి వస్తే, ఇంటి పెరడు వద్దు అని నా మాట. మీ నాన్నగారిని తప్పు పట్టడం కాదు బాబూ, ఆయనకి తెలిసిన రోజుల్లో ఈ పరీక్షలే లేవు, ఏమీ కాలేదు అనడానికీ ఏమైందో చూడలేదు అనడానికీ చాలా దూరం ఉంది. ఊరికి దూరంగా, పిల్లలు తిరగని చోట, చెరువుకీ పంట బోదెకీ దూరంగా ఒక చోటు చూసుకుని, ఒక్కరే మనిషి, నలుగురి వలలకీ కలిపి ఏడాదికోసారి పోస్తే, నాలుగు పెరళ్ళు పాడవ్వవు.

లంక కుర్రోడు:
మాస్టారూ ఇది నచ్చింది. నాన్నకి చదివి వినిపించా, పళ్ళతో పట్టుకోవడం దగ్గర ఆగి ఆలోచనలో పడ్డారు. మరి మాస్కు కరోనా అప్పటివి ఇంట్లో ఉన్నాయి, చాలా?

రక్తపరీక్షల రాణి:
గుడ్డ మాస్కు చాలదు తమ్ముడూ. సన్నటి ధూళిని కూడా ఆపే పి100 ఫిల్టర్లున్న రెస్పిరేటరు కావాలి, మొహానికి గాలి చొరకుండా అతుక్కునేది, గడ్డం ఉంటే అదీ పని చెయ్యదు. నా మాట ఇప్పటికీ కొనుక్కోమనే, వల సామాన్ల కొట్లో గుళ్ళు దొరుకుతాయి, మీకు మిగిలే డబ్బులు ఒక మంచి రెస్పిరేటరుకే అయిపోతాయి. అయినా చేస్తానంటే, వేసుకున్న బట్టలు అక్కడే విప్పి కవర్లో పెట్టి విడిగా ఉతకండి, చెప్పులు ఇంట్లోకి తేవద్దు, స్నానం చేశాకే పిల్లల్ని ఎత్తుకోండి. ఆ చోటు చీపురుతో ఊడవకండి, తడిగుడ్డతో తుడవండి. ఏటా పోసేవాళ్ళు రక్తంలో సీసం పరీక్ష చేయించుకోండి, లోకల్‌గా శాంపిల్ ఇస్తే పెద్ద ల్యాబుకి పంపిస్తారు.

చించినాడ బావ:
రాణి గారూ, కొనమంటారు గానీ కొట్లో గుళ్ళు కూడా ఎవరో ఎక్కడో కరిగించి పోసినవే కదండీ. వాళ్ళ పెరట్లో పిల్లలు లేరా?

రక్తపరీక్షల రాణి:
ఉన్నారండీ. ఈ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఇనప గుళ్ళు వాడొచ్చు, కానీ సీసం కంటే తేలిక కాబట్టి లావు గుళ్ళు కావాలి, ఉప్పునీళ్ళకి తుప్పు పడతాయి, ఆ ఇబ్బంది ఒప్పుకుంటా.

చించినాడ బావ:
వల మునగడం ఆలస్యమయితే చేప తప్పుకుంటుంది, అది ఇబ్బంది కాదండీ, అన్నం. సరే, పెరట్లో వద్దన్న మాట వరకూ నేను ఒప్పుకుంటున్నా. మా మనవరాలు ఇప్పుడే పాకుతోంది.

లంక కుర్రోడు:
వెల్డింగ్ అన్నా, చివరిగా ఒక్కటి. గరిటెతో తీసిన ఆ తెట్టె ఏం చెయ్యాలి? నాన్న వాళ్ళు కొబ్బరిచెట్టు మొదట్లో పోసేసేవారంట.

వెల్డింగ్ అన్న:
చెట్టు మొదట్లో వద్దు, కాలవలో అసలే వద్దు. గట్టి మూత ఉన్న పెయింటు డబ్బా ఒకటి పొయ్యి పక్కనే పెట్టుకో, బాగా ఆరిన డబ్బా. మూకుట్లోంచి తీసింది తీసినట్టు నెమ్మదిగా అందులోకి జార్చు, పై నుంచి విసిరితే అక్కడే ధూళి లేచేది. చల్లారాక మూత బిగించి పైన సీసం అని పెయింటుతో రాసి, క్లిప్పులు, ఏరిన జింకు వేరే సంచిలో పెట్టి, సీసం కొనే రీసైక్లింగ్ వాళ్ళని అడిగి వాళ్ళకే ఇవ్వు, ఆ తెట్టెలో ఇంకా సీసం ఉంటుంది కాబట్టి వాళ్ళకి పనికొస్తుంది. అప్పటిదాకా ఆ డబ్బా ఇంట్లోకి తేకు, పిల్లలకి అందని చోట పెట్టు.