ఊరి సేవా బృందాన్ని సొసైటీగా నమోదు చేయించాలా, ట్రస్టుగానా?

ప్రశ్న: చెరువుకట్ట

నమస్కారం. మాది ప్రకాశం జిల్లా పడమటి మెట్టలో ఒక చిన్న గ్రామం. నాలుగేళ్ల క్రితం మేము పదకొండు మందిమి, ఒక పేరంటూ పెట్టుకోకుండానే, ఊరికి చేతనైనంత చేద్దామని పని మొదలుపెట్టాం. ఏడాదికి రెండుసార్లు ఒక ఆసుపత్రి వారిని పిలిపించి కంటి పరీక్షలు చేయిస్తున్నాం. మా బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ కాబట్టి బడి పిల్లలకు రోజుకు ఎనిమిది క్యాన్ల శుద్ధి చేసిన నీళ్లు పక్క ఊరి నుంచి ఆటోలో తెప్పిస్తున్నాం. చెరువుకట్ట మీద రెండు వానాకాలాలుగా కానుగ, వేప మొక్కలు నాటుతున్నాం. వాటిలో సగం మేకల పాలయ్యాయి.

చిక్కు డబ్బు దగ్గర వచ్చింది. చందాలన్నీ ఇంతవరకు మాలో ఒకరి సొంత ఖాతాకే ఫోన్‌పేలో వస్తున్నాయి. ఖర్చులన్నీ ఒక లాంగ్ నోట్‌బుక్కులో తేదీల వారీగా రాసి ఉన్నాయి, ఆటో కిరాయి నలభై రూపాయలతో సహా. అయినా మొన్న ఆయన పంట రుణం తిరగరాయించుకోవడానికి వెళితే, ఐదు వందలు, వెయ్యి చొప్పున ఇంతమంది దగ్గర నుంచి ఈ డబ్బు ఎందుకు వస్తోందని బ్యాంకులో ఆరా తీశారు. ఆ మాట ఊళ్లోకి వచ్చేసరికి చందా డబ్బుతో బైకు కొన్నాడన్న పుకారుగా మారింది. బైకు కొన్నది పొగాకు అమ్మిన డబ్బుతోనని మాకు తెలుసు, కానీ ఎవరికని చెప్పగలం?

అందుకే సంస్థగా నమోదు కావాలని నిశ్చయించుకున్నాం. సొసైటీ మంచిదా, ట్రస్టు మంచిదా, లేక సెక్షన్ 8 కంపెనీయా (లాభాపేక్ష లేకుండా నడిపే కంపెనీ) అన్నది నా మొదటి ప్రశ్న. మా ఊరివారు ముగ్గురు అమెరికాలో ఉన్నారు. ఇద్దరు హెచ్1బీ వీసా మీద ఉన్నారు, మూడో ఆయన అక్కడి పౌరుడు. నీటి ప్లాంటుకు పది లక్షలు ఇస్తానంటున్నది ఆ మూడో ఆయనే. సంస్థ ఖాతా తెరవగానే ఆయన నేరుగా పంపవచ్చా అన్నది రెండోది.

జవాబు: పాత కోశాధికారి

మీ నోట్‌బుక్కును ముందు జాగ్రత్త చేయండి. పేరున్న చాలా సంస్థల దగ్గర కూడా ఆటో కిరాయి దాకా రాసిన పద్దు ఉండదు.

సొసైటీ, ట్రస్టుల మధ్య అసలు తేడా ఖర్చులోనో కాగితాల్లోనో లేదు, పెత్తనం ఎవరి చేతిలో ఉండాలన్న దాంట్లో ఉంది. సొసైటీ అంటే సభ్యులది. మన రాష్ట్రంలో ఇది 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద జిల్లా రిజిస్ట్రారు కార్యాలయంలో నమోదవుతుంది. కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. సర్వసభ్య సమావేశం కార్యవర్గాన్ని ఎన్నుకుంటుంది, పని నచ్చకపోతే దించుతుంది. ట్రస్టు అలా కాదు. సబ్ రిజిస్ట్రారు దగ్గర రాయించిన దస్తావేజులో ఎవరి పేర్లు ఉంటే వారే ధర్మకర్తలు, వారి తరువాత ఎవరన్నదీ ఆ దస్తావేజే చెబుతుంది. ఒక కుటుంబం తమ పెద్దల పేరిట ఆస్తిని ఒక పనికి అప్పగించదలచినప్పుడు ట్రస్టు చక్కగా సరిపోతుంది. పదకొండు మంది సమానంగా చెమటోడ్చిన చోట ముగ్గురిని ధర్మకర్తలను చేస్తే మిగిలిన ఎనిమిది మంది ఏడాది తిరగకుండా ప్రేక్షకులైపోతారు. సెక్షన్ 8 కంపెనీ 2013 కంపెనీల చట్టం కిందికి వస్తుంది; ఏటా ఆడిట్, కంపెనీల రిజిస్ట్రారుకు దాఖలు చేయవలసిన పత్రాలు, అన్నీ కచ్చితంగా ఉంటాయి. మీ స్థాయికి ఆ బరువు అనవసరమని నా అభిప్రాయం.

కాబట్టి నా ఓటు సొసైటీకే. అయితే సొసైటీకి ఉన్న జబ్బు కూడా చెప్పాలి, ఎందుకంటే తొమ్మిదేళ్లు ఒక సంస్థ లెక్కలు చూసి ఆ జబ్బును నేను దగ్గర నుంచి చూశాను. కార్యవర్గం జాబితాను ఏటా రిజిస్ట్రారుకు దాఖలు చేయాలి. అందరం స్నేహితులమే కదా అని మేము నాలుగేళ్లు ఆ పని వదిలేశాం. తరువాత అధ్యక్షుడికీ కార్యదర్శికీ చెడింది. ఇద్దరూ వేర్వేరు సమావేశాలు పెట్టుకుని, వేర్వేరు మినిట్స్ పుస్తకాలు రాసుకుని, అసలు కార్యవర్గం మాదంటే మాదని బ్యాంకుకు ఉత్తరాలు పంపారు. రిజిస్ట్రారు దగ్గర ఉన్న చివరి జాబితాలో ఇద్దరు అప్పటికే చనిపోయినవారు ఉన్నారు. బ్యాంకు ఖాతాను నిలిపివేసింది. వివాదం జిల్లా కోర్టుకు వెళ్లింది. ఆరు లక్షల రూపాయలు ఖాతాలో ఉండగానే మా పఠనాలయానికి కరెంటు బిల్లు కట్టలేక మీటరు తీయించుకున్నాం.

ఇది రిజిస్ట్రారు తప్పు కాదు, బ్యాంకు తప్పు కూడా కాదు. సర్వసభ్య సమావేశం జరిగిన వారంలోనే జాబితా దాఖలు చేసి, ముద్ర వేసిన నకలును మినిట్స్ పుస్తకంలోనే అతికించి పెట్టండి. ఖాతాకు ఇద్దరి సంతకాలు తప్పనిసరి చేయండి. ఆ ఇద్దరూ ఒకే ఇంటివారు కాకుండా చూసుకోండి. బైలా, అంటే సంస్థ నియమావళి, రాసేటప్పుడు పక్క సంస్థది తెచ్చి పేరు మార్చి పెట్టే అలవాటు మనవాళ్లకు ఉంది. అలా చేస్తే మీ ఆశయాల జాబితాలో ఆవుల సంరక్షణ ఉంటుంది, చెరువు ఉండదు.

జవాబు: పద్దుల మనిషి

సంస్థ నమోదైనంత మాత్రాన పన్ను మినహాయింపు రాదు. ఈ రెండింటినీ ఒకటిగా అనుకుని మూడేళ్ల తరువాత నోటీసు పట్టుకుని వచ్చేవారిని నేను తరచుగా చూస్తుంటాను, కనుక కాస్త వివరంగా రాస్తున్నాను.

సంస్థ పేరిట పాన్ కార్డు తీసుకున్న తరువాత ఆదాయపు పన్ను శాఖ దగ్గర రెండు వేర్వేరు గుర్తింపులు పొందాలి. జనం 12ఏ అని పిలిచేది సంస్థ ఆదాయానికి పన్ను లేకుండా చేస్తుంది. 80జీ అన్నది మీకు విరాళం ఇచ్చినవారికి ఉపయోగపడుతుంది. 2021 ఏప్రిల్ నుంచి ఈ గుర్తింపులు శాశ్వతం కావు. కొత్త సంస్థకు మొదట తాత్కాలికంగా మూడేళ్లకు ఇస్తారు, ఆ గడువు తీరకముందే మళ్లీ దరఖాస్తు చేసుకోవాలి. 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల సంఖ్యలు మారాయి కానీ, వాడుకలో అందరూ పాత పేర్లతోనే పిలుస్తున్నారు, నేనూ అలాగే రాస్తున్నాను.

80జీ ఉంటే దాత మామూలుగా తాను ఇచ్చిన దానిలో సగాన్ని, కొన్ని పరిమితులకు లోబడి, తన ఆదాయం నుంచి తగ్గించి చూపించుకోవచ్చు. రెండు వేల రూపాయలు మించి నగదుగా ఇస్తే ఆ సౌకర్యం లేదు. కొత్త పన్ను విధానాన్ని ఎంచుకున్న ఉద్యోగులకు కూడా లేదు; హైదరాబాదులో ఉద్యోగం చేసే మీ ఊరి కుర్రాళ్లలో చాలామంది అదే విధానంలో ఉండి ఉంటారు కాబట్టి, 80జీ రాగానే చందాలు రెట్టింపు అవుతాయని ఆశ పెట్టుకోవద్దు. విరాళాల వివరాలను ఏటా మే 31 లోపు శాఖకు అప్‌లోడ్ చేసి దాతలకు ధ్రువపత్రాలు ఇవ్వాలి. ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల రుసుము పడుతుంది, చిన్న సంస్థకు అది చిన్న మొత్తం కాదు. దాతల పేరు, చిరునామా, పాన్ నంబరు ఇప్పటి నుంచే రాసుకోవడం అలవాటు చేసుకోండి.

ఇక ఖర్చు విషయం. ఏడాదిలో వచ్చిన ఆదాయంలో కనీసం 85 శాతాన్ని ఆశయాలకే ఖర్చు చేయాలి. పెద్ద పని కోసం దాచుకోవాలంటే, దేని కోసమో, ఎన్నేళ్లకో ముందుగా తెలియజేసి ఐదేళ్ల వరకు పెట్టుకోవచ్చు. నీటి ప్లాంటుకు కూడబెట్టాలనుకుంటే మీకు ఇది అవసరమవుతుంది. ఆదాయం పన్ను పడని పరిమితిని దాటిన ఏడాది ఆడిట్ తప్పదు.

మీరు అడగలేదు కానీ, త్వరలోనే ఎవరో ఒకరు కంపెనీల సీఎస్ఆర్ నిధుల మాట ఎత్తుతారు. పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలన్న నిబంధన నిజమే. అయితే ఆ డబ్బు తీసుకునే సంస్థకు 12ఏ, 80జీ రెండూ ఉండాలి, సీఎస్ఆర్-1 అనే నమోదు పత్రం దాఖలై ఉండాలి, అదే తరహా పనిలో మూడేళ్ల అనుభవం ఉండాలి. పేరు లేకుండా మీరు చేసిన నాలుగేళ్ల సేవ ఆ లెక్కలోకి వస్తుందని నమ్ముకోకండి. అన్యాయంగా అనిపించినా, కాగితం మీద మీ సంస్థ వయసు నమోదైన రోజు నుంచే మొదలవుతుంది.

జవాబు: డాలస్ నుంచి

రెండో ప్రశ్నకు నేను జవాబు చెప్పగలను, ఎందుకంటే ఆ మూడో ఆయన స్థానంలో నేను ఉండి వచ్చాను.

పౌరసత్వం తీసుకున్న ఏడాదే నేను చదువుకున్న బడి మరుగుదొడ్ల కోసం అక్కడి ట్రస్టు ఖాతాకు డబ్బు పంపాను. పాస్‌పోర్టు మారితే నేను మా ఊరి చట్టానికి విదేశీ వనరునైపోతానన్నది అప్పటికి నా బుర్రకు తట్టలేదు. భారత సంతతికి చెందిన విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా అంతే. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, అంటే అందరూ ఎఫ్‌సీఆర్‌ఏ అనేది, పుట్టిన ఊరిని చూడదు, పౌరసత్వాన్ని చూస్తుంది. ఆ ట్రస్టు ఆడిటరు గుర్తుపట్టి డబ్బును వెనక్కి పంపించారు. ఆ ఉత్తరం చదివినప్పుడు పరాయివాణ్ని చేశారన్న బాధ కలిగిందని ఒప్పుకుంటాను, కానీ ఆయన ఆ రోజు ఆ బడిని పెద్ద చిక్కులోంచి తప్పించారు.

కాబట్టి హెచ్1బీ మీద ఉన్న ఇద్దరికీ భారత పాస్‌పోర్టు ఉంది గనుక, వారు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కాదు. వారి పాస్‌పోర్టు నకలు ఒకటి ఫైలులో పెట్టుకోండి. మూడో ఆయన మాత్రం పంపకూడదు, కనీసం మీకు ఎఫ్‌సీఆర్‌ఏ నమోదు వచ్చేవరకు. ఆ నమోదుకు సంస్థ పుట్టి మూడేళ్లు నిండాలి, ఆ మూడేళ్లలో ఆశయాల మీద 15 లక్షలు ఖర్చు చేసి ఉండాలి. 2020 సవరణ తరువాత విదేశీ డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే రావాలి, దానిలో నిర్వహణ ఖర్చులు 20 శాతం దాటకూడదు.

ఈ జవాబు చదవగానే ఎవరైనా ఒక ఉపాయం చెబుతారు: ఆయన వాళ్ల నాన్నగారి ఖాతాకు పంపితే, నాన్నగారు సంస్థకు ఇస్తారు కదా అని. కన్నవారికి పంపుకోవడంలో తప్పు లేదు. అయితే విదేశీ వనరు నుంచి వచ్చిన డబ్బు ఒకరి చేతి మీదుగా వచ్చినా, ఇద్దరి చేతుల మీదుగా వచ్చినా విదేశీ విరాళమే అవుతుందని చట్టంలోనే రాసి ఉంది. డెబ్బై ఏళ్ల పెద్దాయనను ఆ వరుసలో నిలబెట్టకండి.

సవ్యమైన దారులు రెండు కనిపిస్తున్నాయి. ఒకటి, ఫలానా దాత, ఫలానా మొత్తం, ఫలానా పని అని చూపించి హోం శాఖ నుంచి ముందస్తు అనుమతి తీసుకోవడం; దీనికి మూడేళ్లు ఆగనక్కరలేదు కానీ ఓపిక కావాలి. రెండోది, ఎఫ్‌సీఆర్‌ఏ నమోదు ఇప్పటికే ఉన్న సంస్థకు ఆయన ఇవ్వడం, ఆ సంస్థే స్వయంగా మీ ఊళ్లో ప్లాంటు కట్టించడం. స్వయంగా అని నొక్కి చెబుతున్నాను, ఎందుకంటే అలా వచ్చిన డబ్బును మరో సంస్థకు బదిలీ చేయడాన్ని 2020 సవరణ పూర్తిగా నిషేధించింది.

జవాబు: విశ్రాంత ఆరోగ్య పర్యవేక్షకుడు

పై వారు చెప్పినదంతా సరైనదే. నా మాట కాస్త వేరు. పది లక్షలు రావడం ఆలస్యమైతే అది మీ అదృష్టమేనని నేను అనుకుంటున్నాను.

నేను పనిచేసిన మండలంలో ఇలాంటి ప్లాంట్లు మూడు చూశాను. ఒకటి నడుస్తోంది. రెండింటికి తాళాలు పడ్డాయి, అందులో ఒకదానిలో గడ్డివాము వేశారు. కట్టిన రోజు ఫోటో బాగుంటుంది. నీటిని వడకట్టే పొర, అదే మెంబ్రేను, మార్చవలసి వచ్చిన రోజు, నడిపే కుర్రాడికి జీతం ఇవ్వవలసిన రోజు ఎవరూ ఉండరు. ప్లాంటు వదిలే చెడ్డనీటిలో ఫ్లోరైడు మరింత చిక్కబడి ఉంటుంది, దాన్ని పక్క కాలువలోకి వదిలితే తిరిగి చేలోకే చేరుతుంది. క్యాను ఎంతకు అమ్మితే నెల ఖర్చులు వస్తాయో ముందు లెక్క వేయండి. ఇంకా ముందు, ఊళ్లోని ప్రతి బోరు నీటినీ పరీక్ష చేయించండి. ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఒకే ఊళ్లో ఒక బోరు ఆ హద్దు లోపల, ఇంకొకటి దానికి రెండింతలు ఉండటం నేను చూశాను. మంచి బోరు దొరికితే బడికి పైపు వేయడమే చవక.

కళ్ల శిబిరాలకు మీరు సంస్థ కానవసరం లేదు. హైదరాబాదులో 1987లో మొదలైన ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ దాదాపు యాభై వేల జనాభాకు ఒక దృష్టి కేంద్రం చొప్పున పల్లెల్లో నడిపే పద్ధతి పెట్టింది. శిబిరం రెండు పూటలు ఉండి పోతుంది, కేంద్రం ఏడాది పొడవునా ఉంటుంది. శుక్లం ఉన్న ముసలమ్మను బస్సెక్కించి, ఆపరేషన్ అయ్యాక చుక్కల మందు సరిగా వేసుకుంటోందా అని చూసే మనిషి కావాలి. ఆ మనిషి మీరు.

చెరువుకట్ట మీద మొక్కలు నాటకండి. చెట్టు చచ్చాక దాని వేళ్లు కుళ్లిన చోట కట్టలో నీటికి దారి పడుతుంది. నీటిపారుదల శాఖ వారినీ పంచాయతీనీ అడిగి, కట్టకు దూరంగా పోరంబోకులో పెట్టుకోండి.

మళ్లీ: చెరువుకట్ట

అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం రామాలయం దగ్గర కూర్చుని ఈ జవాబులన్నీ చదివి వినిపించాను. సొసైటీయే అనుకున్నాం. సంతకాల మాట వచ్చేసరికి నలుగురు, పని చేస్తాం కానీ కాగితాల మీద వద్దన్నారు. సరిగ్గా ఏడుగురం మిగిలాం. అమెరికాలో ఉన్నాయనకు ఫోన్ చేసి డబ్బు పంపవద్దని చెప్పడం నా వంతు వచ్చింది. ఆయన కాసేపు మాట్లాడలేదు, తరువాత నీటి పరీక్షలకు ఎంత అవుతుందో కనుక్కుని చెప్పమన్నారు. ఆ ఖర్చు మేమే పెట్టుకుంటామన్నాను. పద్నాలుగు బోర్ల నుంచి సీసాల్లో నీళ్లు పట్టి ఉంచాం, ఒక్కో సీసా మీద ఇంటి పేరు రాసి.

బైకు మిత్రుణ్ణి కోశాధికారిగా ఉండమని అందరం అడిగాం. పదవి వద్దన్నాడు. నోట్‌బుక్కు మాత్రం ఎవరికీ ఇవ్వనని ఇంటికి పట్టుకుపోయాడు.