"భూమిమీద సమాధానము": ఇక్కడ సమాధానం అంటే?

ప్రశ్న (విజయవాడ నుంచి):
మేం క్రిస్మస్ చేసుకునే ఇంటివాళ్ళం కాదండీ. అయినా డిసెంబరులో వీధిలో నక్షత్రాలు వెలిగాయంటే మా ఇంటికీ పండగ కళ వచ్చేస్తుంది. పైవాటా వాళ్ళు సెమీ క్రిస్మస్‌కి మనసారా పిలుస్తారు. పిల్లలు కేకు కోసం, నేను పాటల కోసం వెళ్తాం. అక్కడ బైబిల్లోంచి ఈ వాక్యం చదువుతారు (లూకా 2:14): "సర్వోన్నతమైన స్థలములలో దేవునికి మహిమయు ఆయన కిష్టులైన మనుష్యులకు భూమిమీద సమాధానమును కలుగునుగాక." వింటుంటే ఎంత బాగుంటుందో! సమాధానం అంటే మనకు జవాబు కదా, ఇక్కడ శాంతి ఎలా అయింది? "కిష్టులు" అంటే ఎవరు?

జవాబు (రాజమండ్రి నుంచి):
రెండోది తేలిక. ఆయనకు + ఇష్టులైన, ఉత్వసంధి. ముద్రణలో మధ్య ఖాళీ పడటం వల్ల "కిష్టులు" అనే మాట ఉన్నట్టు కనిపిస్తుంది, అంతే.

సమాధానం కథ పెద్దది. సమ్ + ఆ + ధా: చెదిరినవాటిని ఒకచోట చేర్చి కుదురుగా ఉంచడం. సమాధికీ ఇదే ధాతువు. వేదాంతంలో శమం, దమం, ఉపరతి, తితిక్ష, శ్రద్ధ, సమాధానం అని ఆరు గుణాలు చెప్తారు. అక్కడ అది చిత్తం కుదురుకోవడం. అనుమానంతో ఊగే మనసును కుదుటపరిచేది కాబట్టి జవాబుకూ ఆ పేరు నప్పింది. పాత అర్థం మన నోళ్ళలోంచి పోలేదు కూడా. "చివరికి ఎలాగో సమాధానపడ్డాడు", "అన్నదమ్ములను సమాధానపరిచారు" అంటాం, అక్కడ జవాబు ఊసే లేదు. తమిళ, మలయాళాల్లో సమాధానం అంటే శాంతే. కన్నడంలో ఏడ్చేవాళ్ళను ఓదారిస్తే "సమాధాన" చెయ్యడం. మరాఠీలో తృప్తి, హిందీలో పరిష్కారం. (సామదానభేదదండాల్లోని "సామదాన" వేరు, అది సామం, దానం.)

లూకా గ్రీకులో వాడిన మాట ఐరీనీ. దానికి హీబ్రూలో సాటి వచ్చేది షాలోమ్, అంటే యుద్ధం లేకపోవడం ఒక్కటే కాదు, ఏ లోటూ లేకుండా నిండుగా ఉండటం. అందుకే "శాంతి" సరైన మాటే అయినా నాకు ఇక్కడ సమాధానమే ఇష్టం. విడిపోయినవి కలవడం అనే అర్థం అందులో ఉంది.

మెదక్ నుంచి:
మా దిక్కు దీనికి మంచి మాట ఉంది: నిమ్మలం. మేం హిందువులం, అయినా క్రిస్మస్ నాడు ఇంటిల్లిపాదీ చర్చికి పోతం. మా లెక్క పోయేటోళ్ళు శానమంది. కరువుల జనానికి పని, తిండి దొరకాలని పాస్నెట్ అనే మిషనరీ దొర కట్టించిన చర్చి అది. 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. ఆ రంగు అద్దాల కిటికీల ముందు జరసేపు నిలబడితే పానం నిమ్మలమైతది.

గుంటూరు నుంచి:
మాది క్రైస్తవ కుటుంబం. అమ్మా, మీరు అడగలేదు గానీ, "ఆయన కిష్టులైన" అనేసరికి మీలాంటివాళ్ళకు "మేం ఆ లెక్కలో ఉన్నామా" అనిపించొచ్చు. ఇక్కడ పాత గ్రీకు ప్రతుల్లోనే పాఠభేదం ఉంది. ఒక్క అక్షరం తేడాతో "మనుష్యుల యెడల దయ" అనీ వస్తుంది, "ఇష్టులైన మనుష్యులకు" అనీ వస్తుంది. మన తెలుగు రెండోదాన్ని తీసుకుంది. కానీ నాలుగు వచనాల పైన చూడండి, దూత గొల్లలతో అన్నమాట: "ప్రజలందరికిని కలుగబోవు మహా సంతోషకరమైన సువర్తమానము." అందరికిని అని ఉంది. మా ఇంట్లో ముందు పదో వచనం చదివాకే పద్నాలుగుకు వస్తాం. మీరు వచ్చి పాటల్లో గొంతు కలిపితే మీ పైవాటా వాళ్ళకు అదే పెద్ద సంబరం.

విజయవాడ నుంచి:
అందరికీ నమస్కారాలండీ. ఈసారి వాళ్ళకిచ్చే కార్డు మీద పిల్లలచేత "మీ ఇంటికి సమాధానం కలుగునుగాక" అని రాయిస్తున్నాను. కలుగునుగాక కలిపి రాయాలా, విడదీయాలా?

రాజమండ్రి నుంచి:
వాక్యంలో ఉన్నట్టే కలిపి రాయించండి. విడదీసినా తప్పు లేదు.